వెనక కుర్చీలోంచి ఒక ‘ఆఁ?’

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. గొప్ప హేతువాదినని కాదు, నా ఉద్యోగం అలాంటిది. నిన్న శుభ్రంగా నడిచిన ప్రోగ్రాం ఎవరూ ముట్టుకోకుండానే ఇవాళ చచ్చి కూర్చుంటుంది. తవ్వి చూస్తే ఎక్కడో ఒక కామా పడిపోయి ఉంటుంది. ఇన్నేళ్లలో ప్రతి వింత వెనకా ఏదో ఒక కామా దొరికింది కాబట్టి, మిగతా లోకం కూడా అంతేననుకుంటూ వచ్చాను.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

మాది గోదావరి వైపు నుంచి వచ్చి పెద్ద అంబర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబం. సాఫ్ట్‌వేర్ ఆఫీసులన్నీ నగరానికి ఆ చివర, మేం ఈ చివర. లాక్‌డౌన్ తర్వాత మా చిన్న కంపెనీ ఇటువైపు వాళ్ల కోసం ఇబ్రహీంపట్నంలో ఒక టైర్ల దుకాణం పైఅంతస్తు అద్దెకు తీసుకుంది. మెయిల్‌లో దాన్ని ‘వర్క్ హబ్’ అన్నారు. అంటే కొన్ని బల్లలు, ఒక ఇన్వర్టరు, కింద టైర్లకు గాలి కొట్టే మోత.

నా వెనక కుర్చీ యాదగిరన్నది. ఊరు ఇబ్రహీంపట్నమే. నాకంటే పెద్దవాడు, పనిలో ఇంకా పెద్దవాడు. నా గోదావరి ‘అండి’ని మాత్రం ఒక్కరోజు కూడా ఆటపట్టించకుండా వదిలిపెట్టలేదు. మెట్లెక్కి వస్తుంటేనే మొదలు: “అచ్చిన్రా అండి? తిన్నరా అండి? ఇగ కూసోండి అండి.”

మా వృత్తిలో ఒక అలవాటుంది. తప్పెక్కడుందో దొరకనప్పుడు, రాసిందంతా ఒక్కో లైనూ చదువుతూ ఎవరికో ఒకరికి వివరించాలి. వినేవాడికి అర్థం కానక్కర్లేదు. చెబుతుంటే మన తప్పు మనకే తగులుతుంది. మనిషి దొరక్కపోతే బల్ల మీద రబ్బరు బాతు పెట్టుకుని దానికి చెప్పుకునేవాళ్లు కూడా ఉన్నారు. మాకు బాతు అవసరం రాలేదు, యాదగిరన్న ఉన్నాడు.

కుర్చీ వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేవాడు. నేను చెబుతుంటే “అవ్... అవ్...” అంటుండేవాడు. నిద్రపోయాడనుకునేంతలో ఒక లైను దగ్గర “ఆఁ?” అనేవాడు. అంతే. ఎందుకన్నాడో చెప్పేవాడు కాదు. చెప్పాల్సిన పని కూడా ఉండేది కాదు. ఆ లైను మళ్లీ చదవబోతుంటే తప్పు నాకే కనబడేది. చెబుతున్న మాట అక్కడే వదిలేసి కీబోర్డు వైపు తిరిగిపోయేవాణ్ణి. ఆయన నా వీపు చూస్తూ కాసేపు కూర్చుని టీకి దిగేవాడు.

ఒకసారి మెట్ల దగ్గర ఆగి అన్నాడు: “దిగినంక ఆటోవాన్కన్న రాం రాం అంటరు తమ్మీ. నువ్వు గది గూడ అనవ్.”

నేను నవ్వాను. తల తిప్పకుండానే నవ్వాననుకుంటాను.

తర్వాతి ఎండాకాలం యాదగిరన్న పోయాడు. ఇంట్లో, నిద్రలో, గుండె ఆగి. అప్పటిదాకా ఆ మనిషి ఒక మాత్ర మింగగా నేను చూడలేదు. కంపెనీ ఒక మెయిల్ పంపింది, అందరం దానికి చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. ఆ కుర్చీని ఎవరూ జరపలేదు, ఎవరూ కూర్చోలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

కొన్ని నెలలకు గొడవ వచ్చింది. డయాలసిస్ కేంద్రాలకు మేమొక ప్రోగ్రాం చేసిపెట్టాం. రోగికి ఏ రోజు, ఏ వేళకు వంతు ఉందో ముందుగా ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. అది కొందరికి తప్పు తేదీ పంపడం మొదలెట్టింది. యాచారం నుంచి ఒక ముసలాయన చీకటితోనే ఆటో కట్టించుకుని వస్తే, మీ వంతు రేపు అని గేటు దగ్గర నుంచి తిప్పి పంపారట. కేంద్రం వాళ్లకు కోపం వచ్చింది, న్యాయమే. తప్పెక్కడో, ఎవరిదో సాయంత్రానికి రాసి పంపమన్నారు.

ఏ లైను ఎవరు రాశారో చూపించే సాధనం మా దగ్గరుంది. దాని పేరు బ్లేమ్. నింద అన్నమాట. ఆ పేరు పెట్టినవాడు ఎక్కడో ఉద్యోగం చేసే ఉంటాడు. అది నడిపితే, తేదీలు చూసే ఫైల్లో దాదాపు ప్రతి లైనుకూ ఒకే పేరు వచ్చింది. యాదగిరి.

మా మేనేజరు చెడ్డవాడు కాదు. ఫోన్‌లో మెల్లగానే చెప్పాడు: “అసలు కారణం ఇప్పుడు ఎక్కడ వెతుకుతామండీ? యాదగిరి గారు అజాగ్రత్తగా రాశారని పెట్టేద్దాం. ఉన్నవాళ్ల పేరు రాస్తే ఇంక్రిమెంటు పోతుంది. ఆయనకిప్పుడు పోయేదేముంది చెప్పండి?”

పేరు పోతుంది. ఆ మనిషికి మా దగ్గర మిగిలింది అదొక్కటే. కానీ మేనేజర్లతో ఇలాంటి మాటలు నోటికి రావు. సాయంత్రం దాకా టైమివ్వండి అన్నాను.

భోజనాల తర్వాత కూర్చున్నాను. పై అంతస్తులో నేనొక్కణ్ణే. కోహెడ నుంచి స్వప్న కాల్‌లో ఉంది. మేం రాసినవి పరీక్షించడం ఆమె పని. యాదగిరన్న పోయాక చేరింది, ఆయన్ని చూడలేదు, గొంతు వినలేదు. పిల్లాడికి అన్నం పెడుతూ తన మైకు ఆపుకుంది. నా మైకు తెరిచే ఉంది.

ఎంత చూసినా తప్పు దొరకలేదు. పాత అలవాటు కొద్దీ కుర్చీని కొంచెం పక్కకు తిప్పుకుని, వెనక ఖాళీ కుర్చీకి వివరించడం మొదలుపెట్టాను. రబ్బరు బాతుకు చెప్పుకునేవాళ్లున్నప్పుడు ఇందులో సిగ్గుపడాల్సింది లేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అయితే ఒక పని చేశాను. తప్పు వేరేవాళ్ల దగ్గర దొరకాలని ఉంది కాబట్టి, యాదగిరన్న లైన్లను ఇది సరే, ఇదీ సరే అని గబగబా దాటేస్తూ పోయాను.

“ఇక్కడ వంతు టైములోంచి తేదీ తీసుకుంటున్నాం, ఇది సరే...”

“ఆఁ?”

“అదే అన్నా, సర్వరు టైము ప్రకారం తేదీ...” అన్నాను. అని, చూసేశాను. మాట అక్కడే వదిలేసి కీబోర్డు వైపు తిరిగిపోయాను.

మా సర్వరు గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక నడుస్తుంది. మంగళవారం ఉదయం ఆరింటి వంతయితే దానికీ మంగళవారమే. అయిదింటి వంతయితే దానికింకా సోమవారం రాత్రే. యాదగిరన్న రాసిన నాటికి వంతులు ఆరింటికి మొదలయ్యేవి. రద్దీ పెరిగి అయిదింటి వంతు పెట్టింది ఈమధ్యే, ఆయన పోయాక. ఆయన లైను రాసిన రోజున తప్పు కాదు. మారిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

నేను టైపు చేస్తూనే ఉన్నాను. చెవిలో స్వప్న గొంతు వచ్చింది.

“అన్నా, మీ పక్కకు ఎవలున్నరు?”

“ఎవరూ లేరే.”

“లేకుంటెట్ల? ఎవలో ‘ఆఁ?’ అన్నరు గద. మొగ గొంతు. జర నిద్రలకెల్లి లేసినట్టు.”

అప్పుడు ఆగాయి నా చేతులు. నేనూ విన్నానని అప్పుడు తెలిసింది. వినడమే కాదు, జవాబు కూడా చెప్పాను. రోజూ జరిగేదే కాబట్టి అందులో వింత తోచలేదు.

వెనక్కి తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

కిందికి దిగి టైర్ల దుకాణంలో అడిగాను. పైకి ఎవరూ రాలేదన్నారు. కింది మాటలు పైకి వినబడవు, గాలి మోత ఒక్కటే వినబడుతుంది. జ్ఞాపకం గొంతై పలికిందనుకుందామా, నా జ్ఞాపకం హెడ్‌సెట్‌లోంచి కోహెడ దాకా ఎలా పోయింది?

రిపోర్టులో జరిగింది జరిగినట్టే రాశాను. ఆ లైను రాసిననాడు సరైనదే, వంతుల వేళ మారినప్పుడు మేం దాన్ని మార్చలేదు అని. మేనేజరు చదివి, తను పెడదామన్న ‘అజాగ్రత్త’ మాట వదిలేశాడు. తప్పు కనిపెట్టింది ఎవరు అన్న గడిలో నేను యాదగిరి అని పెట్టాను. పొరపాటున పడిందనుకుని దాన్ని తీసేసి నా పేరు రాశాడు. నేను వివరించలేదు. ఏమని వివరించను?

మా పనిలో, రెండోసారి రప్పించలేని సమస్యను ఆధారం లేదని మూసేస్తారు. ఆ ‘ఆఁ?’ను మళ్లీ రప్పించాలని నేనూ ప్రయత్నించాను. మంచి కోడ్ చదివాను, కావాలని తప్పులు పెట్టి చదివాను, సరే సరే అని దాటేసీ చదివాను. ఆ కుర్చీ ఏమీ అనలేదు.

భయం ఆ రోజూ వేయలేదు, ఇప్పుడూ లేదు. ఉన్నదల్లా ఒక్కటే. తన పేరు కోసం అంత దూరం నుంచి వచ్చిన మనిషికి, నేను మళ్లీ నా వీపే చూపించాను.

ఇప్పుడు ఎవరికి ఏం వివరించినా మాట పూర్తి చేసి, మొహం చూసి, ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకుంటాను. ఈమధ్య నెమ్మదించానని మేనేజరు అంటున్నాడు. సాయంత్రం లైట్లు ఆపి మెట్లు దిగేముందు ఆ కుర్చీ వైపు తిరిగి “రాం రాం అన్నా” అంటాను. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకింకా తెలియదు. అయినా కాసేపు ఆగి, అప్పుడు దిగుతాను.