ఏడేళ్ళు దాటిన వారికి

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. చీకటి పడే వేళకి చాప పరుచుకుని నలుగురం కూర్చుంటాం: మా అత్తగారు, మా ఆయన, ఎనిమిదేళ్ళ మా పాప, నేను. పాట అయ్యాక ఒక్కొక్కరం ఆ రోజు జరిగిన ఒక మంచికి దేవుడికి వందనాలు చెప్పాలి. నిన్న చెప్పింది ఈ రోజు చెప్పకూడదు.

ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. చిన్నప్పుడు నా కాలు సరిగా సాగేది కాదు. ఊరవతల గెడ్డ నీళ్ళు దాటించి బడికి పంపలేక అమ్మే నన్ను వంటింటి గడపలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. వాటితో పాటు ఇదీ నేర్పింది. కళ్ళు మూసుకునే ముందు వెతుక్కో, ఏదో ఒకటి దొరుకుతుంది అనేది. దొరికేది కూడా. తడవకుండా ఇంటికి చేరిన ధాన్యం, కాలు నొప్పి లేకుండా గడిచిన పూట, ఎవరో పిలిచి పెట్టిన ముంజెలు. అలా పెరిగిన మనిషిని. నాకు కోపం రాదని ఊళ్ళో అంటారు. నేనూ అదే అనుకుంటూ వచ్చాను.

మా ఆయన నరసన్నపేటలో మోటార్లు బాగుచేసే షాపులో పనిచేస్తారు. పోయిన వేసవిలో ఆయన నెట్‌తో నడిచే టీవీ తెచ్చారు. తెచ్చిన కొత్తలోనే, రిమోట్ పాప చేతిలో ఉండగా, ఏదో సినిమా దానంతటదే మొదలైంది. గొడ్డలి, రక్తం, పరుగెత్తే మనుషులు. పాప అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. మర్నాడు పని పక్కన పెట్టి ఆ టీవీ ముందు కూర్చున్నాను. ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుంటూ సెట్టింగుల్లోకి వెళ్ళాను. అక్కడ వయసుల వరుస ఉంది. అందరికీ. ఏడేళ్ళు దాటిన వారికి. పదమూడు దాటిన వారికి. పదహారు దాటిన వారికి. పెద్దలకు మాత్రమే. ఏడు దగ్గర ఆపాను. అంతకు పైవి చూడాలంటే నాలుగంకెల పిన్ కొట్టాలి. గొడ్డలి సినిమా మళ్ళీ పెట్టి చూశాను. తెర మీద తాళం బొమ్మ వచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు ఆ తాళానికే వందనాలు చెప్పాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో ఎక్కడో కూర్చుని, నా బిడ్డ కోసం అన్నీ ముందుగా చూసి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చీటీలు అంటించి పెట్టారు కదా అని మనసు నిండిపోయింది.

వరికోతల రోజుల్లో ఒక సాయంత్రం పాప వంతు వచ్చింది. చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఇలా అంది:

"ప్రభువా, ఈ రోజు కూడా నాన్న అమ్మని కొట్టనేదు. అందుకు నీకు వందనాలు. ఆమేన్."

మేమెవరం ఆమేన్ అనలేదు. మా ఆయన కళ్ళు తెరిచారు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన నా మీద చేయి ఎత్తిన మనిషి కాదు, ఎత్తుతానని బెదిరించిన మనిషి కూడా కాదు.

"ఒలే, మీ అమ్మని నానెప్పుడు కొట్టినాను?"

"కొట్టనేదు కదా నాన్నా. అందుకే వందనాలు."

"కొడతానని నీకెవులు సెప్పినారు మరి?"

"ఎవులూ సెప్పనేదు. అందరూ కొడతారు కదా. నువ్వు కొట్టవు."

అని వాళ్ళ నాన్న మోకాలి మీద తట్టింది, మెచ్చుకుంటున్నట్టు. ఆయన నా వైపు చూశారు. నవ్వబోయి ఆగిపోయారు. అన్నం దగ్గర కూడా ఎన్నడూ ఎత్తని ఆ చేతిని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు, తప్పు చేసిన చేయిలా.

మర్నాడు జడ వేస్తూ అడిగాను, అందరూ అంటే ఎవరు అని.

"మామ్మ సీరియల్లో పెద్దాయన. ఆయన తమ్ముడు కూడా. తమ్ముడు సెడ్డోడు. పెద్దాయన మంచోడమ్మా."

"కొట్టినోడు మంచోడేటి?"

"కొట్టినాక ఏడిసినాడు కదా. కొత్త చీర తెచ్చినాడు."

"ఆళ్ళావిడేటి సేసింది మరి?"

"కాఫీ ఇచ్చింది. నాకూ అలాంటోడే దొరకాలి. ఒక్కసారే కొట్టీవోడు."

దువ్వెన నా చేతిలో ఆగిపోయింది. ఒక్కసారే. నా కూతురు ఎనిమిదేళ్ళకే బేరం మొదలుపెట్టేసింది. రేపు ఎవడో ఒక చెంపదెబ్బ కొట్టి చీర తెస్తే, వాడికి కాఫీ ఇచ్చి, కళ్ళు మూసుకుని దేవుడికి వందనాలు చెప్పడానికి సిద్ధంగా ఉంది.

ఆ సాయంత్రం మా అత్తగారి పక్కన కూర్చుని ఆ సీరియల్ చూశాను. పాప రోజూ బడి నుంచి వచ్చి, ఆవిడ మంచం కోడుకి వీపు ఆనించి హోంవర్కు రాసుకునే వేళ అది. ఆ గంటలో నేను పొయ్యి దగ్గర ఉంటాను. తాళం వేసి ఉంది కదా అన్న ధైర్యం. మొదలయ్యే ముందు తెర మూల ఆ చీటీ కనబడింది. ఏడేళ్ళు దాటిన వారికి. కాసేపటికి కోడలు ఏదో ఎదురు చెప్పింది. మొగుడు చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బని ఎదుటి నుంచి చూపించారు, పక్క నుంచి చూపించారు, అత్త మొహం చూపించి మళ్ళీ చూపించారు. ఉరుము లాంటి వాయిద్యం. కింద కూర్చున్న మా పాప తల ఎత్తి చూసి, మళ్ళీ ఎక్కాలు రాసుకుంది. ఉలిక్కిపడలేదు. గొడ్డలి సినిమా నాడు అన్నం మానేసిన పిల్ల.

అప్పుడు వచ్చింది నాకు కోపం. చెవుల దాకా వచ్చింది. ఇంతకాలం ఇది నా ఒంట్లో ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు.

ఆ సీరియల్ వేసే కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడే అమ్మాయి ఎవరో తీసింది.

"మేడమ్, ఆ షో రేటింగ్ సెవెన్ ప్లస్ కదా. మీ పాప ఏజ్ ఎంత?"

"ఎనిమిది."

"అయితే ప్రాబ్లమ్ లేదు కదా మేడమ్."

"అందులో పెళ్ళాన్ని కొడతన్నాడమ్మా."

"అది ఫ్యామిలీ కంటెంట్ మేడమ్."

ఆ పిల్లని ఏమీ అనలేకపోయాను, జీతం కోసం చెప్పే మాట అది. ఫిర్యాదు రాసుకుంటానంది. రాసుకుందో లేదో తెలియదు, ఇప్పటి దాకా జవాబు లేదు.

అదే తాళం ఆ వారంలోనే ఇంకొకదాన్ని ఆపింది. మా ఊరి లాంటి ఊళ్ళో ఒక నర్సమ్మ కాన్పులు చేసే డాక్యుమెంటరీ. పాప నేను ఎలా పుట్టాను అని అడుగుతూ ఉంటుంది, పక్కన కూర్చుని చూపిద్దాం అనుకున్నాను. పదహారు దాటిన వారికి అని తాళం బొమ్మ వచ్చింది. తల్లి బిడ్డను కనడం పదహారేళ్ళ దాకా చూడకూడదట. తల్లి చెంప పగలడం ఏడేళ్ళకే చూడొచ్చట. ఈ చీటీలు అంటించిన వాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్లలు లేరా? నేను వందనాలు చెప్పింది వీళ్ళకా?

ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కింద నిలబడి ఒకావిడతో ఈ సంగతి చెప్పాను. సంఘంలో నాకన్నా పెద్దది, నా మేలు కోరే మనిషి. పాప ప్రార్థన విని ఆవిడ గుండె మీద చేయి వేసుకుంది.

"ఒలమ్మా, ఎంత సక్కటి ప్రార్థన సేసిందే. సిన్న వయసులోనే నీ మొగుడి విలువ తెలిసింది దానికి."

నేను అక్కడ నుంచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి తాళాన్ని ఏడు నుంచి కిందికి దించాను. ఇక అందరికీ అన్న చీటీ ఉన్నవి తప్ప ఏదీ పిన్ లేకుండా తెరుచుకోదు. సాయంత్రం మా అత్తగారు రిమోట్ నొక్కారు. తాళం బొమ్మ వచ్చింది. మళ్ళీ నొక్కారు.

"ఇదేటే, నా సీరియల్ రాదేటి?"

"తాళం ఏసినాను అత్తా. మన గుంట బడికెళ్ళినప్పుడు సూడు. పిన్ నీకు నేర్పుతాను."

"నన్ను సిన్నపిల్లని సేసీసినావా? నాకు తాళమా?"

"నీకు కాదు, దానికి."

"అది నా మంచం కాడ కూకుంటే తప్పేటి? నాను సూస్తన్నానని నీకు కంటగింపా?"

రిమోట్ మంచం మీద పడేసి బయట అరుగు మీద కూర్చున్నారు. అప్పటి నుంచి టీవీ జోలికి రాలేదు, పగలు కూడా. పిన్ నేర్పుతానంటే మొహం తిప్పుకునేవారు. దారిన పోయే వాళ్ళకి వినబడేలా, కోడలు తాళాలేసింది బాబూ, రేపు బువ్వకుండకీ ఏస్తాది అనేవారు. మా ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అమ్మకి ఉన్నది ఆ కాలక్షేపమొక్కటే. ఆ తాళం తీసీకూడదేటి?" అన్నారు.

"మీ కూతురు మీకు వందనాలు ఎందుకు సెప్పిందో మరిసిపోనారా?"

ఆయన మంచం మీది రిమోట్ తీసి టీవీ పక్కన పెట్టేశారు.

ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడే మొదలుపెట్టారు.

"నా సీరియల్ మాన్పించీసినంత మాత్రాన ఆ గుంటకి తెల్దనుకున్నావా? మన ఈది సివర ఇంట్లో దెబ్బల సప్పుడు ఎప్పుడూ వినిపిస్తానే ఉంటాది."

"ఈది సివర కదా అత్తా. ఈ ఇంట్లో వినిపించదు. ఈ ఇంట్లో ఎవులూ ఎవుల్నీ కొట్టనేదు."

ఆవిడ గింజలు తీయడం ఆపి గోడ మీద మా మామగారి ఫోటో వైపు చూశారు. ఆయన సంఘ పెద్దగా ఉండేవారు. నేను ఈ ఇంటికి రాకముందే పోయారు. ఇప్పటికీ ఊళ్ళో మంచికి ఆయన పేరే చెబుతారు. కాసేపటికి ఆవిడ చింతపండు చేట పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయారు. అలక ఇంకా తీరలేదనుకున్నాను.

ఆ సాయంత్రం ప్రార్థనలో మొదటి వంతు ఎప్పటిలాగే ఆవిడది. చేతులు జోడించారు కానీ కళ్ళు మూసుకోలేదు. పాప వైపు తిరిగారు.

"ఒలే గుంటా, ఇటు సూడు. మీ తాత నన్ను కొట్టీవోడు."

మా ఆయన, "అమ్మా" అన్నారు.

"నువ్వు ఊరుకోరా. నీకు తెల్దు, నువ్వు నిద్దరోయినాక కొట్టీవోడు." మళ్ళీ పాపతో అన్నారు, "కొట్టినాక ఏడిసీవోడు కూడా. చీర తెచ్చీవోడు. నాను కట్టీదాన్ని. కట్టుకుని ఆరాధనకెల్లీదాన్ని. కానీ కొట్టని రోజుకి నానెప్పుడూ దేవుడికి వందనాలు సెప్పనేదు. అది మంచి కాదే. కొట్టకపోడం ఓ మంచి కింద లెక్క కాదు. అన్నం తిన్నాక సెయ్యి కడుక్కున్నట్టు, అలాగుండాలంతే."

పాప నోరు తెరుచుకుని వింటోంది.

"ఆ సీరియల్లోదాన్ని కొడితే వాయించి మరీ సూపిస్తారు, అందరూ ఆగి సూస్తారు. నన్ను ఎవులూ ఆగి సూడనేదు. అందుకే సూసీదాన్ని నాను. నువ్వు సూడకు."

"సంఘంలో ఎవులికీ తెల్దా మామ్మా?"

"ఎందుకు తెల్దు? అందరికీ తెలుసు."

అందరికీ. నాకు ఆ చీటీ గుర్తొచ్చింది. దాన్ని అంటించినది ఎక్కడో కూర్చున్న ఆ ముక్కూ మొహం తెలియని వాళ్ళే అనుకుంటూ ఇన్నాళ్ళు వాళ్ళ మీదే మండిపడ్డాను. వాళ్ళకన్నా ముందు, ఇది తప్పు కాదని ఈ వీధే అంటించింది. ఈ ఇంటి గోడల మధ్య, నేను రోజూ తుడిచి పెట్టే ఆ ఫోటో ఎదుట. ఆదివారం గుండె మీద చేయి వేసుకున్న ఆవిడ అప్పట్లో మా పక్కింట్లోనే కాపురం ఉండేది. నా కోపం తగ్గలేదు. వెళ్ళాల్సిన చోటు ఇప్పుడు తెలిసింది, అంతే.

మా ఆయన తల దించుకుని చాప అంచు పీకుతున్నారు. ఆయన వంతు వచ్చింది. తల అడ్డంగా ఊపారు. నా వంతుకి నేనూ ఏమీ చెప్పలేకపోయాను. వెతుక్కుంటే ఏదో ఒకటి దొరుకుతుందని అమ్మ చెప్పింది, ఆ సాయంత్రం వెతకాలనిపించలేదు.

పాప వంతు. చేతులు జోడించింది.

"ప్రభువా, తాత నీ దగ్గరే ఉన్నాడు కదా. మామ్మని ఎందుకు కొట్టినాడో గట్టిగా అడుగు. ఏడిసినా ఊరుకోకు."

పాప ప్రార్థనలో మాట తేడా వస్తే నేను దిద్దుతాను. దేవుడితో అలా మాట్లాడకూడదమ్మా అంటాను. ఈసారి దిద్దలేదు. ఆమేన్ అన్నాను. మా అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని, నాకన్నా గట్టిగా ఆమేన్ అన్నారు.