కుడిచేతిలో పాటల పుస్తకం

మొన్న ఓటేసి వచ్చి బియ్యం ఏరుతుంటే, చాటలో తెల్లటి గింజల మధ్య నా చూపుడువేలి మీది సిరా గీత నల్లగా కదులుతూ కనిపించింది. ఇప్పుడు గీత గీస్తున్నారు గానీ, నేను మొదటిసారి ఓటేసినప్పుడు గోరు మొదట్లో చుక్క పెట్టేవారు. ఆ చుక్క గుర్తుకు రాగానే బియ్యం సంగతి మరిచిపోయాను. భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టర్, సాయంత్రాలు ఉక్కు ప్లాంటు వైపు ఎర్రగా వెలిగే ఆకాశం, ఆ వెలుగులో సైకిలు దిగుతున్న నాన్న, అన్నీ పొగమంచులోంచి నడిచి వచ్చినట్టు మెల్లగా వచ్చాయి.

భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చాక జరిగిన మొదటి ఎన్నికలవి. మా తెలుగువాళ్లకి రాజకీయాలంటే ప్రాణం, ఓటంటే బద్ధకం. చర్చి ముందు చాయ్ తాగుతూ సర్కార్లను నిలబెట్టేవారు, పడగొట్టేవారు. పోలింగు రోజున మాత్రం కోడిని కోసుకుని, తిని, హాయిగా పడుకునేవారు. "మనది ఆంధ్రా కదేటి, ఇక్కడ ఎవుడొస్తే మనకేటి?" అనేది మా పెద్దత్త. నాన్నకి ఆ మాట గిట్టేది కాదు. "ముప్పయ్యేళ్లుగా ఈ నీళ్లే తాగుతున్నాం. లైన్లో అవుపడకపోతే మనం లేనట్టే లెక్క" అంటూ నెల్లాళ్లు సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఏ పార్టీకి వెయ్యమనీ చెప్పలేదు, ఆయన పార్టీ ఏదో సెక్టరంతటికీ తెలిసినా. "ఆదివారం పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు మీ ఏళ్ల మీద సుక్క సూస్తాను" అని బెదిరించాడు కూడా.

పోలింగు రోజు నాన్నది పొద్దుటి షిఫ్టు. అమ్మా నేనూ పొద్దున్నే వెళ్లి ఓటేసి వచ్చాం. రెండింటికి డ్యూటీ దిగి తను వేస్తానన్న మనిషి చీకటి పడే వేళకి ఇల్లు చేరి, స్నానం చేసి, భోంచేశాడు. ఓటేశావా అని మేమూ అడగలేదు. ఆయన్ని అడగాలన్న ఆలోచన ఎవరికొస్తుంది?

ఆదివారం నేను పాటల బృందంలో, జనానికి ఎదురుగా నిలబడ్డాను. కిటికీల్లోంచి చలికాలపు ఎండ పల్చగా పడుతోంది. అందరూ లేచి పుస్తకాలు ఎత్తారు. పుస్తకాల వెనక ఎడమచేతి వేళ్ల మీద నల్లటి చుక్కలు, వరస తర్వాత వరస. పెద్దత్త వేలికి కూడా ఉంది! సంతోషంగా నాన్న వైపు చూశాను. పుస్తకం కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి స్వెట్టరు జేబులో ఉంది. చరణం ఎక్కడిదాకా వచ్చిందో పుస్తకంలో వెతుక్కున్నాను.

బయటికొచ్చాక పెద్దత్త ఆ చెయ్యి లాగి చూసేసింది. "ఒరే తమ్ముడూ, మమ్మల్నందర్నీ తోలీసి నువ్వు మానీసేవేటిరా? ఇంక నీ మాట ఎవులింటారు?" అంది. అందరూ పగలబడి నవ్వారు. నాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నాకు సిగ్గూ కోపమూ కలిసి ఏడుపొచ్చింది. ఆయన కోసం ఆగకుండా ఇంటికి నడిచి వచ్చేశాను.

ఆ సాయంత్రం క్యాంప్ 2 బస్తీలో ఉండే మావయ్య జిలేబీ పొట్లంతో వచ్చాడు. చుట్టరికం లేదు గానీ నాన్నని బావా అనేవాడు. నాన్న తర్వాతి షిఫ్టుకి వచ్చేది ఆయనే. ఆయన వచ్చి నిలబడితే గానీ నాన్న ఫర్నేసు దగ్గర నుంచి కదలకూడదు. పార్టీల దగ్గర మాత్రం ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"సెల్లెమ్మా, ఆ రోజు మా బూతు కాడ లైను ఇంత పొడుగుంది," అన్నాడు అమ్మతో. "రెండవుతుందనగా ఎస్టీడీ కొట్టు నుంచి ప్లాంటుకి ఫోన్ సేసినాను, లైను ఒగ్గీసి వచ్చీమంటావేటి బావా అని. ఓటేసే రా, నేనుంటాను అన్నాడు. నేనెల్లేసరికి అయిదు దాటిపోనాది, పోలింగు అయిపోనాది."

అమ్మ నాన్న వైపు తిరిగింది. "ఆ మాట చర్చి కాడే సెప్పొచ్చు గదా?"

"సెప్తే ఈడిని నవ్వుదురు. నన్ను నవ్వితే ఒక్క పూటతో పోద్ది. ఈడు మళ్లీ లైన్లో నిలబడతాడా?" అని, జిలేబీ తుంచుతూ, "ఈడేసింది ఆ పార్టీకే, అదొక్కటే నా ఏడుపు," అన్నాడు నాన్న.

పొద్దున వదిలేసి వచ్చిన మనిషి పక్కన వెళ్లి కూర్చున్నాను. క్షమించమని అడగడం చేతకాక, ఆ ఎడమచేతిని నా ఒళ్లో పెట్టుకున్నాను. ఇప్పుడు నాన్న లేడు, మావయ్యా లేడు. ఆ ఏడు మా అందరి వేళ్ల మీదా పడిన చుక్కలు గోళ్లతో పాటే పెరిగి, రెండు మూడు నెలల్లో కత్తిరింపుల్లో రాలిపోయాయి. నాన్న వేలి మీద పడని చుక్క మాత్రం ఇన్నేళ్లయినా నాకు చెరగలేదు.