సాలూరు జాడీ... తాత మెదడు

మా చిన్నప్పుడు... మెదడుని మొదటిసారి చూసిన మా మామ్మ, "ఇదేటే, గుమ్మడొడియంలా ఉన్నాది!" అంది.

నిజం మెదడు కాదు లెండి... బొమ్మ. మాది రాజాం దగ్గర పల్లె. బడికి కొత్తగా వచ్చిన టీచరుగారు ఓ రోజు బస్సులో సంచీడు బొమ్మల పుస్తకాలు తెచ్చి తలా ఒకటి పంచారు. షరతు ఒక్కటే... ఇంట్లో ఎవరో ఒకరికి పైకి చదివి వినిపించాలి. అందరికీ పులులూ, రాజకుమార్తెలూ వచ్చాయి. నాకేమో మెదడూ, కన్నూ, ముక్కూ, నాలుకా! ఏడుపొక్కటే తక్కువ.

వినేవాళ్ళెవరు? అమ్మకి పొయ్యి దగ్గర తీరదు, నాన్న పొలంలో. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ మామ్మ దొరికింది. చేతుల్లో పని, చెవులు ఖాళీ. ఆవిడకి అక్షరం ముక్క రాదు గానీ సందేహాలు మాత్రం బోలెడు.

"చెవి విన్నది మెదడుకి చేరుతుంది" అని చదివానా... "మరి నాను పిలిసింది మీ తాతకి సేరదేటే?" అని అడిగింది. పుస్తకంలో వెతికాను. లేదు.

నాలుక పేజీలో ఒక ప్రయోగం ఉంది. కళ్ళు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని తింటే ఏం తింటున్నామో సరిగ్గా తెలియదట. మామ్మ నమ్మలేదు. నా ముక్కు తనే పట్టుకుని నోట్లో ఏదో ముక్క పెట్టింది. కరకరా నమిలి "జామకాయ" అన్నాను. ముక్కు వదిలింది... పచ్చి ఉల్లిపాయ! నాకు కళ్ళంట నీళ్ళు, మామ్మకి పడీ పడీ నవ్వు.

"ఓసోసి... నాలుక ఒట్టి ఎర్రిదన్నమాట! తరవాతేటి రాసినారు?"

తరవాత ఇలా ఉంది... కన్ను చూసిందీ, మనసులో ముందే అనుకున్నదీ కూడా మెదడు రుచిలో కలిపేస్తుందని. మామ్మ చేతిలో చింతపండు ఆగిపోయింది. "మళ్ళీ సదువు" అంది. చదివాను. "ఇంకోపాలి."

ఆవిడ గొడవేమిటో తెలియాలంటే మా ఇంటి రాజకీయం కొంచెం చెప్పాలి. తాతకి సాలూరులో ఒక అప్ప ఉండేది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఏటా వేసవిలో ఆవిడ పెట్టిన ఆవకాయ, గోనెసంచీ చుట్టిన పొడుగాటి జాడీలో, తెలిసినవాళ్ళ లారీ ఎక్కి మా ఇంటికి వచ్చేది. తాత మొదటి ముద్దకే కళ్ళు మూసుకుని "మా అప్ప సేతిలో అమృతం ఉన్నాది" అనేవాడు. మామ్మ ఆవకాయ కోసం వీధి వీధంతా గిన్నెలు పట్టుకొచ్చేది. తాత మాత్రం "పర్లేదు" అనేవాడు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అదే పర్లేదు! ఆ ఏడైతే మామ్మ తేల్చి చెప్పేసింది, "ఇదే ఆఖరు. వచ్చే ఏడు నాను కాయ కొయ్యను."

అలాంటి సమయంలో నా పుస్తకం వచ్చిపడింది.

మర్నాడు భోజనాల దగ్గర తాత కళ్ళకి తుండు కట్టింది మామ్మ. "బడి వాళ్ళు సెయ్యమన్నారు" అని నా మీదకి తోసేసింది. ముక్కు వదిలేశాం, పాపం ముసలాయన! తాత మీసం దువ్వుకుని "నాకు కళ్ళెందుకే, నాలుకున్నాది" అన్నాడు.

మొదటి ముద్ద. "ఇదీ... ఇదీ మా అప్పది!"

రెండో ముద్ద. "ఇది మీ మామ్మది. పర్లేదు."

అమ్మ వంటింట్లోంచి కొంగు నోట్లో కుక్కుకుని వచ్చింది. మొదటిది మామ్మది, రెండోది సాలూరుది! తుండు విప్పాక తాత ఒప్పుకున్నాడా? "మీరు జాడీలు మార్సేసినారు" అని అలిగి కూర్చున్నాడు. మామ్మ నా వైపు తిరిగి, "దీనికి మందేటైనా రాసినారేటో సూడవే" అంది.

మందు తనే కనిపెట్టింది. మరుసటి వేసవి కాయ కోసింది, ఆవకాయ కలిపింది, సాలూరు జాడీలో తనది పోసి, తన జాడీలోకి సాలూరుది మార్చేసింది. తాత అమృతం అంటూ లాగించాడు. నేను నవ్వబోతే తొడపాశం పెట్టేది. కానీ మామ్మ ముఖంలో సంతోషం అంతంతమాత్రమే. గెలిచిందే గానీ మెప్పంతా మళ్ళీ సాలూరుకే పోతోంది కదా...

అలా కొన్నేళ్ళు నడిచింది. ఒక వేసవిలో లారీ వచ్చింది, జాడీ రాలేదు. అప్పకి మోకాళ్ళ నొప్పులు, ఆవకాయ పెట్టలేదని కబురు. మామ్మ పాత సాలూరు జాడీలోనే తన ఆవకాయ తెచ్చి వడ్డించింది. తాత ముద్ద కలిపి, "అప్పది ఈ ఏడు మరీ బాగున్నాది" అన్నాడు.

మామ్మ ఇక ఉండలేకపోయింది. "మీ అప్ప ఈ ఏడు కాయే కొయ్యనేదు!"

తాత తలెత్తలేదు. "నాకు తెల్దేటి... అందుకే బాగున్నాదంతన్నాను."

నెయ్యి తెస్తానని లోపలికెళ్ళిన మామ్మ ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక గిన్నెడు నెయ్యీ తాత కంచంలోనే బోర్లించింది. మాకు ఒక్క చుక్క మిగల్చలేదు.

ఇప్పుడు మా అమ్మాయి మెదడు పాఠం ఫోన్‌లో చూస్తుంది. అందులో మెదడు రంగురంగుల్లో గిరగిరా తిరుగుతుంది కూడా. నా పుస్తకం దాని ముందు ఎందుకూ పనికిరాదు. కానీ చెవుల్లో ఆ రెండు పిక్కలు పెట్టుకుని అదొక్కతే వింటుంది... ఇంట్లో ఎవరికీ ఒక్క సందేహమూ రాదు.

మొన్న "ఒక పేజీ పైకి చదవవే" అన్నాను. వింతగా చూసి, "ఎవరికి?" అంది.

చింతపండు తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చున్నాను... "నాకే" అని.

చిన్నప్పుడు మీరెవరికి చదివి వినిపించేవారు? వాళ్ళేం అడిగేవారు? చెప్పండి... చేతుల్లో పని ఉంది గానీ, చెవులు ఖాళీయే.