కసురుకునే యాప్

ఉద్యోగం మానేసి సొంతంగా యాప్‌లు చేసుకునే ఆయనకు భోజనాల బల్లే ఆఫీసు. చెవిమీద పెన్సిలు, పని కుదిరితే బల్లమీద బొటనవేలితో తాళం. ఇల్లు గడిపేది మందుల వేళ గుర్తుచేసే యాప్ ఒక్కటే. అందులో గొంతు భార్యది: "ఏమండీ, మాత్ర వేసుకున్నారా? ఎన్నిసార్లు చెప్పించుకుంటారు!" ఆ కసురుడు మర్యాదగా లేదనిపించి, ఈమధ్య ఆమెచేతే "దయచేసి మాత్ర వేసుకోగలరు" అని మళ్లీ చెప్పించి పెట్టాడు. నెల తిరగకుండానే చందా కట్టేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక పెద్దాయన రాశాడు: "ఏం బాబూ, అమ్మాయికి మామీద కోపమొచ్చిందా? తిట్టడం మానేసింది!" అది చదివి ఈయన నవ్వుకుని పాత కసురుడే పెట్టేశాడు, వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. ఇవాళ పొద్దున తన బీపీ మాత్ర వేళకు కసురుడు వినబడగానే, "వేసుకుంటున్నానే, అరవకు!" అన్నాడు.

"అది మీ ఫోనండీ," వంటింట్లోంచి జవాబొచ్చింది. "నేనింకా మొదలుపెట్టలేదు."