ముప్పై ఎనిమిది నిమిషాల చాయ్

మొన్న మా అమ్మాయి నా చేతిగడియారం అడిగింది. బీబీఏ రెండో సంవత్సరం చదువుతోంది. ఎవరైనా పనిచేస్తుంటే పక్కన నిలబడి, దేనికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసుకు రమ్మన్నారట కాలేజీలో. "మన వీధి చివర కర్రీ పాయింట్ ఆంటీని అడిగాను నాన్నా, సరేనంది" అంది హుషారుగా. ఫోన్‌లో గడియారం లేదా అన్నాను. ఫోన్ పట్టుకుని నిలబడితే ఆడుకుంటున్నాననుకుంటారట. గడియారం తీసి ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. అది దోహాలో కొన్నది. దాంతో నేనూ ఒకసారి ఒక మనిషి పనిని కొలిచాను.

ఆ మనిషి మా అక్క భర్త. ఇంటర్ పాసై జగిత్యాల బస్టాండులో కాలక్షేపం చేస్తున్న నన్ను ఖతర్‌కు రప్పించింది ఆయనే. చమురు ధర ఆకాశంలో ఉన్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. దోహా పక్కనే ముఐథర్ అనే చోట మా కంపెనీ విల్లాలు కడుతుండేది. నేను వెళ్లే ముందే బావ పరంజా మీంచి జారిపడి మోకాలు పాడుచేసుకున్నాడు. అలాంటివాళ్లను మామూలుగా ఇంటికి పంపేస్తారు. ఈయన ఎవరెవరి కాళ్లు పట్టుకున్నాడో గానీ సైటు ఆఫీసులో చాయ్ ఇచ్చే పని సంపాదించుకున్నాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషిని అందరూ టీ బాయ్ అనేవారు. ఎవరేమన్నా అక్కడ నీడ ఉంది, మధ్యలో కూర్చునే వీలుంది. అది పోతే ఆ మోకాలితో ఖతర్‌లో చేయగలిగిన పని ఇంకేదీ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అదే ఆఫీసులో హాజరు రాసే నాకూ తెలుసు.

కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ చెబుతారని, కంపెనీ ఉత్తరం ఉంటే మాలాంటివాళ్లకూ కొన్ని సీట్లు ఇస్తారని విని చేరాను. డ్యూటీ దిగి, ఒంటి మీది దుమ్ము కడుక్కుని, ఏసీ క్లాసులో కూర్చుంటే నేనేదో వేరే జాతి మనిషిననిపించేది. నా చొక్కా ఇస్త్రీ చేసేది బావే. ఊళ్లో మా అక్క "మా తమ్ముడు దుబాయ్ల మేనేజర్ సదువు సదువుతుండు" అని ఇంటింటికీ చెప్పుకునేది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకది దుబాయే. మాకు మేనేజ్‌మెంట్ చెప్పే సారు సూడాన్ దేశస్థుడు, మెత్తని మనిషి. ప్రతి పనిలోనూ వృథా దాగి ఉంటుందని, అది కనిపెట్టినవాడే మేనేజరని అనేవాడు. ఆ మాట నా తలకెక్కింది. ఆఖరి ప్రాజెక్టుకు ఎవరి పనైనా గడియారంతో కొలవమన్నప్పుడు, నేనడిగితే కాదనని మనిషి ఒక్కడే గుర్తొచ్చాడు.

మామూలుగా బావ ఒక విడత చాయ్ ఇవ్వడానికి గంటన్నర పట్టేది. నలభై మందికి నలభై రుచులు. ఈజిప్టు ఇంజినీరుకు పాలు లేని సులేమానీ, అందులో పుదీనా ఆకు. మలయాళీ స్టోర్‌కీపరుకు పాలు పోసి మరిగించిన చిక్కటి కరక్ చాయ్. నేపాలీ డ్రైవరు దగ్గర ఆగి, వచ్చీరాని హిందీలో, ఇంటి దగ్గర కొడుకు జ్వరం తగ్గిందా అని అడగాలి. మధ్యలో రెండుసార్లు కూర్చుని మోకాలు రుద్దుకోవాలి. నేను గడియారం పట్టుకున్న రోజు మాత్రం తనూ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఎవరినీ పలకరించలేదు, ఎక్కడా కూర్చోలేదు. కుంటు కనబడకుండా పళ్లు బిగబట్టి, ట్రేతో క్యాబిన్ల మధ్య దాదాపు పరుగెత్తాడు. ముప్పై ఎనిమిది నిమిషాల్లో నలభై కప్పులూ అయిపోయాయి. చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చి, "నీకు మంచి మార్కులు రావాలె గదా బామ్మర్ది, అందుకే జల్ది జల్ది తిరిగిన. సాలదా? ఇంకోసారి ఉరుకుమంటే ఉరుకుత" అన్నాడు. పరీక్ష తనకే అనుకున్నాడు పిచ్చి మనిషి.

ఇట్లా కాదు బావా, రోజూ చేసినట్టే చెయ్యి, రేపు మళ్లీ చూస్తాననాలి నేను. అనలేదు. మర్నాడే ప్రాజెక్టు ఇవ్వాలి, పైగా ఆ అంకె నాకు భలే ముద్దొచ్చింది. పనికి పట్టేది ముప్పై ఎనిమిది నిమిషాలేనని, మిగతాదంతా వృథా అని, ఒకే మనిషి రెండు ఆఫీసులకు చాయ్ ఇవ్వగలడని రంగురంగుల పట్టికలతో రాశాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ప్రమోషన్ ఆశతో ఆ కాగితాలు తీసుకెళ్లి మా మేనేజరు చేతికిచ్చాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమని మనవాళ్లు ఊరికే అనలేదు. నేను తాగిన చాయ్‌నే లెక్కపెట్టాను.

నెల తిరక్కుండా పక్క ఆఫీసులో చాయ్ ఇచ్చేవాణ్ని సైటు పనికి పంపేసి, రెండు ఆఫీసులూ బావకిచ్చారు. చేయగలడని కాగితం మీద ఉంది కదా, రాసింది సొంత బామ్మర్ది. బావ పది రోజులు పరుగెత్తాడు. పదకొండో రోజు మెట్ల మీద ట్రేతో సహా కూలబడ్డాడు. నేను మేనేజరు దగ్గరికెళ్లి, ఆ రోజు ఆయన నా మార్కుల కోసం పరుగెత్తాడనీ, ఆ లెక్క తప్పనీ చెప్పాను. "అయితే నీ చదువు తప్పా?" అన్నాడాయన నవ్వుతూ. నా ప్రమోషన్ కాగితం సంతకం కోసం ఆయన ముందే ఉంది. తప్పేనండీ అని ఉంటే సరిపోయేది. నోరు మూసుకుని బయటికొచ్చాను. బావ ఇక పనికి రాడని వీసా క్యాన్సిల్ చేశారు. ఎయిర్‌పోర్టులో నా చొక్కా కాలరు సర్ది, "పైలం రా. సదువు మాత్రం ఇడవకు" అన్నాడు. ఆ వారమే నాకు ప్రమోషన్ వచ్చింది. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

బావ పోయి నాలుగేళ్లయింది. "మా బామ్మర్ది మార్కులల్ల సగం నా కాళ్లయే" అని చివరిదాకా ఊళ్లో నవ్వుతూ చెప్పుకునేవాడట. నన్ను దెప్పడానికో, నిజంగానే గొప్పకో, అడిగే ధైర్యం నాకెన్నడూ రాలేదు.

గడియారం అమ్మాయికి ఇచ్చాను. ఒక్కరోజు చూసి రాసెయ్యకమ్మా, వారం రోజులు చూడు అన్నాను. "అంత టైమెక్కడుంది నాన్నా!" అని వెళ్లిపోయింది. ఖతర్‌లో గడిపిన ఏళ్లు ఎట్లా గడిచాయో కూడా నాకు సరిగా గుర్తులేదు. బావ నాకోసం పరుగెత్తిన ఆ ముప్పై ఎనిమిది నిమిషాలు మాత్రం ఇంకా గడవలేదు.