మా గోడకు నిచ్చెన వేసిన మనిషి

గురువారం పొద్దున ఉప్పల్ దవాఖానా నుంచి మా ఎదురింటి అక్క ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు చెల్లె," అంది. తెల్లవారుజామున నడకకు వెళ్లిన మనిషి. గుండెపోటు. నేను అన్నా అని పిలుచుకున్న ఆయనను మొదటి రెండు నెలలు ఎంతగా అనుమానించానో ఇవాళ మీ ముందు ఒప్పుకోవాలి.

అప్పుడు మేం తెనాలి నుంచి నాచారం వచ్చిన కొత్త. మావారికి మల్లాపూర్‌లో షిఫ్టు డ్యూటీ. ఎదురింటాయన ఫిట్టర్, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన రోజూ పొద్దున్నే మా ప్రహరీ పక్కన నిలబడి మా వంటింటి వైపే చూసేవారు. నేను కిటికీలోకి వస్తే తల తిప్పేసుకునేవారు. తప్పు లేని మనిషి తల ఎందుకు తిప్పుకుంటాడు?

ఒక ఆదివారం వాళ్ల పెద్దమ్మాయి సీతాఫలాలు తెచ్చింది. "గుట్టలల్ల తిరిగి తెచ్చిండు మా బాపు," అంది. ముక్కూమొహం తెలియని మాకెందుకు? తీసుకున్నాను గానీ తినలేదు. కూరగాయలామెను ఆరా తీస్తే "దేవుడసుంటి మనిషమ్మా" అంది. ఆమెనూ నమ్మలేదు. కిటికీకి పేపరు అంటించాను.

ఒకరోజు మావారు అలా డ్యూటీకి వెళ్లారో లేదో, బయట చప్పుడు. మా గోడకు నిచ్చెన. దాని మీద ఆయన. గట్టిగా అరిచాను. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అక్క పరుగెత్తుకొచ్చింది.

ఆయన గబగబా దిగారు. "మీ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను సందుల గోరింక గూడు వెట్టింది చెల్లె. రేపు కరెంటాయన వచ్చి వైరు కలుపుతడని మీ ఆయన అంటుంటే విన్న. పిల్లలు ఎగిరినయో లేదో అని సూసిన."

"ఇన్నాళ్లూ మాతో చెప్పొచ్చుగా?"

"నన్ను సూస్తెనే భయపడ్తుంటివి. ఎట్ల జెప్పాలె?"

అప్పటికీ నమ్మలేదు. నేనే ఎక్కి చూస్తానన్నాను. అక్క నిచ్చెన పట్టుకుంది. ఆయన వీధి అవతలికి వెళ్లి, మాకు వీపు తిప్పి నిలబడ్డారు. పైన ఎండుగడ్డిలో మూడు పసుపు నోళ్లు నన్ను చూసి తెరుచుకున్నాయి.

నేను కిందికి దిగాను. "పదిరోజులు ఫ్యాను వెయ్యకుండ్రి. గంతే," అన్నారాయన. ఆ పదిరోజులూ పోపు ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాం.

క్షమించమని అడగడానికి వెళ్తే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. "ఆడపిల్లలున్నోన్ని. నువ్వు అరిచింది మంచిగనే అయింది. మా పిల్లలు గూడ గట్లనే అరవాలె," అన్నారు.

తర్వాత ఎన్నో ఆదివారాలు వాళ్లతో గుట్టలెక్కాం. అడ్డొచ్చిన ముళ్లకొమ్మను, వెనకాల వచ్చే ఆఖరి మనిషి దాటేదాకా ఆయన చేత్తో పట్టుకుని నిలబడేవారు. అక్క కాళ్లు నొప్పులంటే అందరి ముందే కూర్చుని ఒత్తేవారు. ఇంత మంచితనం వెనక ఏదో ఉంటుందని, ఎప్పుడో ఏదో అడుగుతారని నేను చాలాకాలం కాచుకుని చూశాను. నా బుద్ధి అలాంటిది. ఆయన ఏమీ అడగకుండానే వెళ్లిపోయారు.

ఆయన పోయిన పదో రోజు వాళ్ల మేడ మీదికి వెళ్లాను. చివరి ఆదివారం గుట్టల్లో వానకు తడిసిందని ఆయన ఆరేసిన నీలం టార్పాలిన్ పిట్టగోడ మీద అలాగే ఉంది. ఎప్పుడో ఎండిపోయింది. మడతపెట్టనా అని అడిగాను.

"ఉండనియ్ చెల్లె," అని అక్క ఒక ఇటుక తెచ్చి, గాలికి లేస్తున్న మూల మీద పెట్టింది.