బొడ్డమ్మ తాడు

మొగుడు పోయాక, ఊరంతా కలిసి ఒడ్డుకు లాగే పెద్దవలకు యజమానైన బొడ్డమ్మ మాటే ఉద్దానం సముద్రపు ఒడ్డున మా జాలరిపేటకు చట్టం. చేపలు కొనడానికి వచ్చినవాడు కూడా వల తాడు లాగాల్సిందే.

ఆ పొద్దున మతం పేరు చెప్పి, కత్తులు పట్టుకుని బయటి మూక ఒకటి దిగింది. పలాస వ్యాపారి షరీఫ్‌ను అప్పగించమంది. అతను మా మధ్యే తాడు లాగుతున్నాడు.

“ఆడు తాడొదిలితే మా కూడు పోద్ది. ముందు నన్ను నరకండ్రా!” అని బొడ్డమ్మ గర్జించింది.

ఒక్క చెయ్యీ తాడు వదల్లేదు. పేటంతటినీ నరికే దమ్ము లేక వెధవలు తోక ముడిచారు. వల నిండా చేపలు తళతళలాడాయి. ఒడ్డంతా ఈలలే.

“మతం అన్నిచోట్లా ఉంది కదా మామ్మా, కత్తులు కొన్నిచోట్లే ఎందుకు లేత్తాయి?” అని మనవరాలు ప్రవల్లిక బొడ్డమ్మను అడిగింది.

“ఒకల కూడు ఒకల సేతిలో లేని సోటే లేత్తాయే. పద, షరీఫ్ మావకి బుట్టెత్తు.”